మొబైల్ సహకార అభ్యసనం

మొబైల్ ఫోన్లు, టాబ్లెట్లు, చేతిలో ఇమిడే కంప్యూటర్ల సహాయంతో విద్యార్థులు చిన్న బృందాలుగా ఏర్పడి, జ్ఞానాన్ని కలిసి నిర్మించుకొని పరస్పరం పంచుకొనే పద్ధతిని మొబైల్ సహకార అభ్యసనం అంటారు. ఫోనులో పాఠాన్ని ఒంటరిగా చదవడం గానీ, ఉపాధ్యాయుడు పంపిన నోట్సును అందుకోవడం గానీ దీని కిందకు రావు. విద్యార్థుల మధ్య చర్చ జరగడమే ఇందులో ప్రధానాంశం.

నేపథ్యం

జ్ఞానం ఒకరి నుండి మరొకరికి యథాతథంగా అందేది కాదనీ, ఇతరులతో సంభాషించే క్రమంలో అభ్యాసకుడు దానిని నిర్మించుకుంటాడనీ సాంఘిక నిర్మాణాత్మక వాదం చెబుతుంది. సోవియట్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ (1896-1934) రచనలు ఈ వాదానికి ముఖ్యమైన ఆధారం. 1980లలో కెనడాకు చెందిన మార్లీన్ స్కార్డమాలియా, కార్ల్ బెరైటర్ అనే విద్యావేత్తలు ఒక కంప్యూటర్ వ్యవస్థను రూపొందించారు. అందులో విద్యార్థులు తమ ప్రశ్నలను, ఊహలను రాసేవారు. తోటివారు రాసిన వాటికి కొత్త విషయాలు చేర్చి మెరుగుపరిచేవారు. అయితే ఒకే డెస్క్‌టాప్ కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లలలో మౌసు ఎవరి చేతిలో ఉంటే వారిదే పెత్తనమయ్యే అవకాశముంది. ఎవరి సాధనం వారి చేతిలో ఉన్నపుడు పిల్లలు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోవచ్చు.

పనిచేసే విధానం

చిలీ పరిశోధకులు గుస్తావో సురితా, మిగెల్ నుస్‌బామ్ 2004లో ప్రచురించిన వ్యాసాలు ఈ రంగంలో ప్రసిద్ధమైనవి. వీరు చిన్న తరగతుల పిల్లలను ముగ్గురేసి చొప్పున బృందాలుగా చేసి, వైర్‌లెస్ ద్వారా అనుసంధానించిన చేతి కంప్యూటర్లను ఇచ్చారు. భాషకు సంబంధించిన కృత్యంలో ఒక్కొక్కరి తెరపై ఒక్కొక్క అక్షరం కనిపిస్తుంది. ముగ్గురి అక్షరాలనూ కలిపితేనే పదం ఏర్పడుతుంది. ఉదాహరణకు, ప, లో, మ అనే అక్షరాలను సరైన వరుసలో చేర్చితే స్పానిష్ భాషలో పావురం అనే అర్థం గల పదం వస్తుంది. జవాబును ముగ్గురూ అంగీకరించనిదే కృత్యం ముందుకు సాగదు. అందువలన తెలిసిన విద్యార్థి వివరించవలసి వస్తుంది, తెలియని విద్యార్థి ప్రశ్నించవలసి వస్తుంది. ఈ సమయంలో ఉపాధ్యాయుడు బృందాల మధ్య తిరుగుతూ అవసరమైన చోట సహాయపడతాడు.

పరిమితులు

ఫోను ఉన్నంత మాత్రాన సహకారం ఏర్పడదు. 2020లో కరోనా కారణంగా పాఠశాలలు మూతపడినపుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనేకమంది ఉపాధ్యాయులు వాట్సాప్ బృందాల ద్వారా పాఠాలు పంపారు. పాఠం, జవాబు పత్రం పంపడంతో ఆగిపోయినచోట అది సమాచార పంపిణీ మాత్రమే అవుతుంది. ఒకరు రాసిన జవాబును మిగిలినవారు నకలు చేసే అవకాశం కూడా ఉంటుంది. ఇంట్లో ఫోను లేని విద్యార్థి చర్చకు పూర్తిగా దూరమవుతాడు. స్మార్ట్‌ఫోన్లు తరగతిలో ఏకాగ్రతను దెబ్బతీయగలవని యునెస్కో 2023 నాటి ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదికలో హెచ్చరించింది. కాబట్టి సాధనం ఎంపిక కంటే, ప్రతి విద్యార్థి భాగస్వామ్యం తప్పనిసరి అయ్యేలా కృత్యాన్ని రూపొందించడం ముఖ్యం. ఈ సూత్రాన్ని పాటిస్తే ముగ్గురికి ఒకే ఫోను ఉన్నచోట కూడా, దానిని వంతులవారీగా ఉపయోగిస్తూ ఈ పద్ధతిని అమలు చేయవచ్చు.