వెండితెరపై ద్వారక: చిత్రకారుని గణితం

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ చిత్రంలో ద్వారకా నగరం కనిపిస్తుంది. మేడలు, గోపురాలు, వీధులు, వాటి దీపకాంతి చూచిన ప్రేక్షకునకు అది విశాలమైన పట్టణమనియే తోచును. నిజమునకు ఆ నగరం మద్రాసులోని వాహినీ స్టూడియోలో 60 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు గల స్థలంలో ఇమిడినది. అందులో సుమారు 300 చిన్న ఇండ్లు అమర్చినారు. లెక్క వేసి చూచిన, వీధులతో కలిపి ఒక్కొక్క ఇంటికి వచ్చినది 10 చదరపు అడుగులు మాత్రమే. ఇంత చిన్న చోటు అంత పెద్ద నగరముగా ఎట్లు కనిపించినది? దీనికి సమాధానం మంత్రతంత్రాలలో లేదు. రేఖాగణితంలోను, చిత్రకారుని కుంచెలోను ఉన్నది.

మనిషికి కన్నులు రెండు. వాటి మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు. అందువలన దగ్గరి వస్తువు రెండు కన్నులకు కొంచెం వేర్వేరుగా కనిపించును. ఆ తేడాను బట్టి మెదడు దాని దూరాన్ని గ్రహించును. సినిమా కెమెరా ఒంటికన్నుతో చూచును. 1 అడుగు ఎత్తు గల బొమ్మ 10 అడుగుల దూరంలో ఉన్నను, 100 అడుగుల గోపురం 1,000 అడుగుల దూరంలో ఉన్నను, ఫిల్ముపై వాటి ఎత్తు ఒక్కటే. కెమెరాకు గల ఈ లోపమే చిత్రకారునకు వరమైనది.

తెలిసిన స్థలాన్నే ఉదాహరణగా తీసుకొందము. నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరి తెలంగాణలో ప్రవేశించును. మంజీర, హరిద్ర నదులు అక్కడ గోదావరితో కలియును. ఒక కథలో ఆ సంగమం ఆవలి గట్టున 100 అడుగుల ఎత్తైన కోట ఉండవలెను అనుకొందము. కోటను కట్టనక్కర లేదు. కెమెరాకు 6 అడుగుల ముందు పెద్ద గాజుపలక నిలుపవలెను. ఆవలి గట్టు 1,200 అడుగుల దూరంలో ఉన్నచో, సరూప త్రిభుజాల సూత్రం ప్రకారం గాజుపై కోట ఎత్తు 100 × 6 ÷ 1,200, అనగా అర అడుగు. చిత్రకారుడు ఆ ఆరంగుళాల కోటను గట్టు గీతకు సరిగా ఆనించి గాజుపై చిత్రించును. మిగిలిన గాజులోనుండి నిజమైన నది, నిజమైన పడవలు కనిపించును. ఎండ ఏ వైపునుండి పడుచున్నదో, కోట నీడ కూడా దానికి తగినట్లే ఉండవలెను. కెమెరా 1 అంగుళం పక్కకు జరిగినను, ఆవలి గట్టున కోట సుమారు 16 అడుగులు జరిగినట్లు కనిపించును. ఈ పనిలో కెమెరాను కదలకుండ బిగించుట అందుకే.

ఈ పద్ధతిని చలనచిత్రాలలో మొదట వాడినవాడుగా అమెరికాకు చెందిన నార్మన్ డాన్ ప్రసిద్ధుడు. 1907లో అతడు కాలిఫోర్నియాలోని పాత క్రైస్తవ మఠాలను చిత్రించుచు, శిథిలమైన భాగాలను గాజుపై గీసి పూరించినాడు. అయితే చిత్రకారుడు ఆరుబయట గీయుచున్నంత సేపు నటులు, పనివారు ఎదురుచూడవలసి వచ్చెడిది. ఈలోగా ఎండ మారిపోయెడిది. 1911లో డాన్ దీనికి ఉపాయం కనిపెట్టినాడు. గాజుపై కోట రావలసిన భాగానికి నల్లరంగు పూసి చిత్రీకరించినచో, ఫిల్ములో ఆ భాగం వెలుగు సోకక మిగిలిపోవును. తరువాత స్టూడియోలో తీరికగా కోటను గీసి, అదే ఫిల్ముపై ఆ ఖాళీ స్థలంలో చిత్రీకరింపవచ్చును. దీనినే మాట్ చిత్రణ అంటారు.

1933లో వచ్చిన ‘కింగ్ కాంగ్’ సాహస చిత్రానికి మారియో లారినాగా, బైరన్ క్రాబ్ అను చిత్రకారులు గాజుపలకలపై అడవులు గీసినారు. ఆ పలకలను ఒకదాని వెనుక ఒకటి నిలిపి, నడుమ చిన్న చెట్లు అమర్చుటచే అడవికి లోతు వచ్చినది. 1947 నాటి ‘బ్లాక్ నార్సిసస్’లో కనిపించు హిమాలయాలు ఇంగ్లండులో పెర్సీ డే బృందం గీసినవే. ఆ చిత్రం కొరకు ఎవరును భారతదేశానికి రాలేదు.

తెలుగులో ఇట్టి కల్పనా ప్రపంచానికి రూపమిచ్చిన వారిలో మాధవపెద్ది గోఖలే, కళాధర్ ముఖ్యులు. విజయా సంస్థ 1951లో నిర్మించిన సాహస జానపదం ‘పాతాళభైరవి’కి, తరువాత ‘మాయాబజార్’కు వీరే కళాదర్శకులు. రెండింటికిని దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. గోఖలే చిత్రకారుడే గాక కథకుడు కూడా. మాంత్రికుని గుహ ఎట్లుండవలెనో, ఘటోత్కచుని కిరీటం ఎట్లుండవలెనో మాటలలో చెప్పిన చాలదు. కాగితంపై గీత పడినగాని వడ్రంగికి కొలత దొరకదు, దుస్తులు కుట్టువానికి రూపం తెలియదు, దీపాలు పెట్టువానికి నీడ ఎటు పడవలెనో తోచదు. ‘మాయాబజార్’కు దీపాలవారు, వడ్రంగులు, రంగులవారు మొదలగు సుమారు 400 మంది పనిచేసినారు. ఇందరి చేతులను కలుపునది ఆ గీతయే.

ద్వారకకు మరొక చిక్కు కూడ కలదు. చిన్న ఇండ్లను దగ్గరనుండి తీసినపుడు ముందున్నవి స్పష్టముగను, వెనుకవి మసకగను పడును. ఆ మసక కనిపించినచో బొమ్మలని తెలిసిపోవును. దీనికి విరుగుడు కటకపు రంధ్రాన్ని చిన్నది చేయుట. రంధ్రం చిన్నదైన లోనికి వచ్చు వెలుగు తగ్గును. కనుక దీపాలు పెంచవలెను. ఈ విధముగా చిత్రకారుని పని ఛాయాగ్రాహకుని పనితో ముడిపడినది.

1981 నాటి ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ చివర కనిపించు అంతులేని గిడ్డంగి కూడ మైకేల్ పాంగ్రాజియో గీసిన చిత్రమే. తరువాతి కాలంలో గాజు స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించినది. 2010లో ‘మాయాబజార్’కు కంప్యూటరుతోనే రంగులద్దినారు. అయినను ఆ రంగులకు ఆధారం నలుపు తెలుపులలో నాటివారు కూర్చిన రూపాలు, నీడలే.

షూటింగు ముగియగానే సెట్టింగులను విప్పి, ఆ కలపను మరొక చిత్రానికి వాడుట స్టూడియోల అలవాటు. గాజుపై బొమ్మను తుడిచివేసిన గాజు మిగులును, బొమ్మ మిగలదు. నటుల పేర్లు జనం నోట నిలిచినవి. కళాదర్శకుల పేర్లు తెర మొదట క్షణకాలం కనిపించి తొలగిపోవును. రేఖాగణితం బోధించు ఉపాధ్యాయుడు సరూప త్రిభుజాల పాఠంలో ఆ పేర్లను కూడ చెప్పిన, పాఠానికి ప్రాణం వచ్చును.

విద్యార్థులు ఒక గాజుపలకపై చిన్న గోపురం గీసి, బడి మైదానంలో నిలిపి, ఒక కన్ను మూసి చూడవలెను. గోపురం మైదానం అంచున నిలిచినట్లుండును. రెండవ కన్ను తెరవగానే అది మరల గాజుమీదికి వచ్చును.