విమానములలో పానీయ మర్యాద

మా బళ్లారి పట్టణమునకు వైమానిక చరిత్రలో చిన్నదైనను చెరగని స్థానము ఒకటి కలదు. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూ మైదానమునకు ఒక చిన్న పుస్ మాత్ విమానమున తపాలా సంచులను తెచ్చెను. అచ్చట నుండి వాటిని నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. నాటికి మా జిల్లా మద్రాసు రాజధానిలోనిది. ఆ విమానములు తపాలా కొరకు ఎగిరినవి. వాటిలో అతిథి మర్యాదలకు తావు లేదు. ఉత్తరములకు దాహము వేయదు గదా! తపాలా కార్యాలయమున ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా పనిచేసిన నాకు ఆ సంచుల కథ మొదటినుండియు ప్రియమైనది. కాలక్రమమున విమానములలోనికి మనుష్యులు ఎక్కిరి. వారి వెంట దాహమును ఎక్కినది. ఆ దాహము తీర్చుటకు విమానసంస్థలు అందించిన మద్యము ఎట్టిది, దాని నాణ్యత ఎందువలన పెరిగినది, ఎందువలన తగ్గినది అను విషయమును ఈ వ్యాసమున విచారింప దలచితిని.

నేను ఏనాడును మద్యమును ముట్టినవాడను కాను. ముట్టనివానికి ఈ విచారణ యేల యని చదువరులు ప్రశ్నింపవచ్చును. గుమాస్తా తాను పుచ్చుకొనని మనియార్డరు సొమ్మునకు గూడ లెక్క వ్రాయును. ఈ వ్యాసమును అట్టిదే. రుచిని గూర్చి తెలిసినవారి మాటను గైకొంటిని; లెక్కను మాత్రము నేను చూచితిని.

లండను, పారిసు నగరముల మధ్య ప్రయాణికులకై ప్రతిదిన విమానసేవ 1919 ఆగస్టు 25న ఆరంభమైనది. ఆ యేడే అక్టోబరు మాసమున హాండ్లీ పేజ్ సంస్థ మూడు షిల్లింగుల వెలకు ఫలాహారపు బుట్టను ఇయ్యసాగెను. 1927లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ ఆ మార్గముననే ‘సిల్వర్ వింగ్’ అను పేర విలాస సేవ నొకదానిని నెలకొల్పి, వడ్డనకై ప్రత్యేకముగా పరిచారకుని నియమించెను. ఆ కాలపు విమానములలో యంత్రముల రొద చెవులు చిల్లులు పడునట్లుండెడిది. చలి యెక్కువ. మబ్బులలో ప్రవేశించినపుడు విమానము ఏటిలోని దోనెవలె ఊగెడిది. అట్టి స్థితిలో ప్రయాణికుని చేతికి వచ్చిన బ్రాందీ గ్లాసు రుచికొరకు కాదు, ధైర్యము కొరకు. ఆకాశమున మద్యము మొట్టమొదట ఔషధముగా ప్రవేశించినదని చెప్పిన తప్పు కాదు.

ఔషధము విలాసముగా మారుటకు ఎక్కువకాలము పట్టలేదు. 1936లో జర్మనులు నడపిన హిండెన్‌బర్గ్ అను వాయునౌకలో పానశాలయు, దానిని ఆనుకొని ధూమపానశాలయు ఉండెను. ఆ నౌకను తేల్చినది రెండు లక్షల ఘనపు మీటర్ల హైడ్రోజను. ఒక్క నిప్పురవ్వ చాలును, సర్వము భస్మమగుటకు. అందుచేత ఆ గదిలోనికి హైడ్రోజను చొరకుండుటకై లోపలి గాలిపీడనమును ఒకింత హెచ్చుగా ఉంచి, రెండు తలుపుల నడవ గుండ మాత్రమే రాకపోకలు సాగనిచ్చిరి. చుట్ట ముట్టించుకొనుటకు ఒక్క విద్యుత్ సాధనము తప్ప వేరు నిప్పు లేదు. అంతటి ప్రమాదము నెత్తిమీద నుంచుకొనియు పానశాలను వదలుకొనలేదనిన, అతిథిమర్యాద ఆ సంస్థకు ఎంత ప్రతిష్ఠావిషయమో ఊహింపవచ్చును. 1937 మే 6న ఆ నౌక అమెరికాలోని లేక్‌హర్స్ట్ వద్ద దగ్ధమైనది. దానితో వాయునౌకల విలాసయాత్ర ముగిసినది. విమానముల యుగము స్థిరపడినది.

విమాన మద్యము నాణ్యతకు అసలు కారణము రెండవ ప్రపంచయుద్ధానంతరము కానవచ్చును. 1945లో అంతర్జాతీయ విమాన రవాణా సంఘము ఏర్పడినది. దానినే ఐయాటా అందురు. సభ్యసంస్థలు సమావేశమై ఒక్కొక్క మార్గమునకు టిక్కెట్టు వెలను నిర్ణయించుట, ప్రభుత్వములు దానిని ఆమోదించుట ఆచారమైనది. ఒకే మార్గమున పది సంస్థలు నడపినను వెల మాత్రము ఒక్కటే. వెల తగ్గించి ప్రయాణికుని ఆకర్షింప వీలులేని వర్తకుడు ఏమి చేయును? తూకములో కొసరు వేయును. విమానములలో ఆ కొసరే భోజనము, ఆ కొసరే మద్యము. మన సంతలలో కొసరు వేయు శెట్టిని వెదకికొని పోవు వాడుక యెరిగినవారికి ఈ మర్మము సులభముగా బోధపడును.

1949లో పాన్ అమెరికన్ సంస్థ నడపిన స్ట్రాటోక్రూయిజర్ విమానమున క్రింది అంతస్తున పానశాల యుండెను. మెలికల మెట్లమీదుగా ప్రయాణికులు అందులోనికి దిగెడివారు. 1970లో జంబో విమానము వచ్చిన పిదప పై అంతస్తున విశ్రాంతిశాలలు వెలసినవి. 1971లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తన జంబోలలో పియానోను సైతము అమర్చినది. కొసరు పోటీ యెంత తీవ్రమైనదనగా, దానికి గూడ సంఘము హద్దులు గీయవలసి వచ్చెను. 1958లో అట్లాంటిక్ మార్గమున ఆర్థిక తరగతి అను చౌక తరగతి ఏర్పడినపుడు, ఆ తరగతివారికి శాండ్‌విచ్ మాత్రమే పెట్టవలెనని నియమము చేసిరి. స్కాండినేవియా సంస్థ ఆ శాండ్‌విచ్ మీద వేటమాంసము, రొయ్యలు మున్నగునవి పేర్చి విందుగా మార్చెననియు, ఇది నియమభంగమనియు పోటీదారులు ఫిర్యాదు చేసిరి. తుదకు ఆ సంస్థకు ఇరువది వేల డాలర్ల జుల్మానా పడినది. మద్యము విషయమునను అట్టి కట్టుబాట్లే యుండెను. చౌక తరగతివారు దానికి వేరుగా వెల చెల్లింపవలసి యుండెను. 1970వ దశకమున సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఆ సంఘమున చేరక, చౌక తరగతివారికి సైతము ఉచితముగా మద్యమును అందించి పేరుపొందినది. వెనుక వరుసలోని ప్రయాణికుని చేతికి వెల లేని గ్లాసు వచ్చుట ఆనాటికి చిన్న సంగతి కాదు.

మన దేశమున కథ మరియొక రీతిగా నడచినది. 1948 జూను 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు బయలుదేరినది. టాటాగారు స్వయముగా విమానములలో ప్రయాణించి, తేనీరు మొదలు సిబ్బంది వేషధారణ వరకు కనబడిన ప్రతి లోపమును వ్రాసి అధికారులకు పంపెడివారు. పెద్ద పెద్ద సంస్థలతో పోటీపడుటకు మన వారివద్ద ఉన్న సాధనము ఆ శ్రద్ధయే. కాని ఆ సంస్థకు నెలవైన బొంబాయి రాష్ట్రముననే 1949లో మద్యనిషేధ శాసనము వచ్చినది. భూమిమీద పర్మిట్టు లేనిదే సీసా తాకరాదు. అదే నగరమునుండి విదేశములకు ఎగిరిన విమానములలో మాత్రము ఆకాశమున షాంపేన్ పోయబడుచుండెడిది. స్వదేశములోని నగరముల మధ్య తిరుగు మన విమానములలో నేటికిని మద్యమును వడ్డింపరు.

ఈ వింత తెలుగువారికి క్రొత్తది కాదు. 1937లో సేలము జిల్లాలో మొదలైన మద్యనిషేధము 1948 నాటికి మద్రాసు రాజధాని అంతటను వ్యాపించినది. అందు మా బళ్లారియు ఉండెను. గౌతమీతీరమునందలి యానాము ఆనాడు ఫ్రెంచివారిది గనుక అచ్చట వేరు న్యాయము. 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినపుడును యానామునకు అది వర్తింపలేదు. హద్దురాయి ఒకటి దాటిన మాత్రమున పాపము వ్యాపారమగుట మనము కన్నులార చూచితిమి. విమానము ఆ హద్దురాతిని మేఘములమీద పాతినది, అంతే భేదము.

1978 అక్టోబరు 24న అమెరికాలో విమానవెలల నియంత్రణను తొలగించు శాసనము అమలునకు వచ్చినది. క్రమముగా ఇతర దేశములును ఆ దారి పట్టినవి. వెల తగ్గించుటకు వీలు కలిగిన పిదప కొసరుతో పని లేకపోయెను. సామాన్యునికి టిక్కెట్టు చౌకయైనది. అది నిశ్చయముగా మేలు. నావంటి గుమాస్తా విమానమెక్కగలుగుట ఆ మేలువలననే. కాని వెనుక వరుసలలో మద్యము మరల వెల చెల్లించి కొనదగిన వస్తువైనది, లేక ఒక చిన్న ప్లాస్టిక్ గ్లాసులోనికి కుదించుకొనిపోయినది. ముందు వరుసలలో మాత్రము పోటీ మునుపటికంటె హెచ్చినది. అచ్చటి ద్రాక్షసారాయములను ఎన్నుకొనుటకు సంస్థలు నిపుణులను నియమించుకొనుచున్నవి. 1985 నుండి ‘సెల్లార్స్ ఇన్ ది స్కై’ అను పేర వాటికి బహుమతులు గూడ ఇయ్యబడుచున్నవి.

అయితే ఆ ఖరీదైన సీసా ఆకాశమున తన గుణమును నిలుపుకొనునా? ఇచ్చట శాస్త్రజ్ఞుల మాట వినవలెను. ఎగురు విమానము లోపలి గాలిపీడనము ఆరువేల నుండి ఎనిమిదివేల అడుగుల ఎత్తు కొండమీది పీడనమునకు సమానము. అనగా ఉదకమండలమున కూర్చున్నట్లే. కాని ఉదకమండలపు తేమ అచ్చట లేదు. గాలి మిక్కిలి పొడిగా ఉండుటచే ముక్కు ఎండి వాసనను సరిగా పట్టజాలదు. వాసన లేని రుచి సగము రుచియే. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారు లుఫ్తాన్సా కొరకు 2010లో జరిపిన పరీక్షలలో, అట్టి వాతావరణమున ఉప్పు, తీపి నాలుకకు గణనీయముగా తక్కువగా తెలియుచున్నవని తేలినది. యంత్రముల రొద సైతము తీపిని అణచునని 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి. కావున నేలమీద సున్నితమైన పరిమళముతో మెప్పుపొందిన పాత ద్రాక్షసారాయము ఆకాశమున వగరుగా, పులుపుగా తోచును. పండ్ల వాసన గట్టిగా గల లేతది, తక్కువ వెలదైనను, అచ్చట మేలని తెలిసినవారు చెప్పుదురు. సీసామీది వెలచీటీ ఆకాశమున అబద్ధమాడునన్న మాట!

ఇక నేను కన్నులార చూచిన సంగతి ఒకటి చెప్పి ముగింతును. కొన్నియేండ్ల క్రిందట మా చిన్నకుమారుని చూచుటకై హైదరాబాదు నుండి దుబాయికి పోతిని. సంస్థ పేరు చెప్పను. నా ప్రక్కన కరీంనగరు ప్రాంతపు తాపీపనివాడొకడు కూర్చుండెను. ఇంట రెండు నెలలుండి, మరల రెండేండ్లకు భార్యాబిడ్డలను విడిచి పోవుచున్నవాడు. వడ్డనబండి మావరకు వచ్చుటకు చాలసేపు పట్టినది. అతడు బీరు అడిగెను. పరిచారకుడు ముఖము చిట్లించి, అయిపోయినదని ఒక్కమాట అని బండిని త్రోసికొని పోయెను. ముందు వరుసలవారితో అదే మనిషి చిరునవ్వుతో, వంగి మాటలాడుట మేమిద్దరమును చూచితిమి. నాకు మద్యమునందు గౌరవము లేదు. అతడు త్రాగకుండుటయే మేలని గూడ మనసులో అనుకొంటిని. అంతలో అతడు నావైపు తిరిగి మెల్లగా, “మేం సుత పైసలు కట్టినోళ్లమే గద సారూ” అనెను. నేను ఏమియు బదులు చెప్పలేకపోతిని. తరువాత నేను గంట నొక్కి రెండు గ్లాసులు మంచినీరు తెప్పించితిని. ఒకటి అతనికిచ్చితిని. అతడు రెండు చేతులతో అందుకొనెను.

ఆ దినము నుండి విమానములలోని మద్యము నాణ్యతను గూర్చి ఎవరు ప్రస్తావించినను నాకు ద్రాక్షతోటల పేర్లు గాని, పాతకాలపు సీసాలు గాని తలపునకు రావు. వందయేండ్ల ఈ చరిత్రలో గ్లాసులోని వస్తువు బ్రాందీ యగుచు, షాంపేను అగుచు, వెలను బట్టి, పోటీని బట్టి, శాసనమును బట్టి మారుచు వచ్చినది. అందించు చేతిలోని ఆదరము మాత్రము ఏ సంఘమువారి నియమములకును, ఏ వెలచీటీకిని లోబడునది కాదు. ఇంటికి వచ్చినవానికి మంచినీరిచ్చి కూర్చుండబెట్టుట మన పెద్దలు నేర్పిన మొదటి మర్యాద. పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనము దానినే నమ్ముకొని ఇరుగుపొరుగువారి ఆదరమునకు పాత్రులమైతిమి. విమానము ఎంత ఎత్తున ఎగిరినను, దాని మర్యాదను చిట్టచివరి వరుసలో కూర్చున్నవాని గ్లాసుతోనే కొలువవలెనని నా మనవి.