జాబితా ఎవరి సొత్తు?

సాహిత్యానికి మనం చెప్పుకునే అర్థం వేరు, చట్టం చెప్పే అర్థం వేరు. 1957 నాటి భారత కాపీరైటు చట్టం పట్టికలనూ సంకలనాలనూ కూడా ‘సాహిత్య రచన’ కిందనే చేర్చింది. 1994 సవరణతో కంప్యూటర్ డేటాబేసులు కూడా ఆ వరసలోకి వచ్చాయి. అంటే చట్టం దృష్టిలో కావ్యమూ టెలిఫోను డైరెక్టరీ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. ఇది విని నవ్వుకునే సాహితీపరులు ఉండవచ్చు. కాని జాబితా వెనక శ్రమ ఉంది. ఆ శ్రమ ఎవరిది, దాని ఫలం ఎవరికి దక్కింది అన్నది రచయితకు పరాయి ప్రశ్న కాదు.

లండన్ సంగతి చూడండి. 1836లో ఫ్రెడరిక్ ఫెస్టస్ కెల్లీ అక్కడి తపాలా శాఖలో ఉత్తరాలు పంచేవారిపై ముఖ్య ఇన్‌స్పెక్టరు అయ్యాడు. పోస్టాఫీసు డైరెక్టరీ ఆయన చేతికి వచ్చింది. వీధివీధీ తిరిగే పోస్టుమన్‌ల చేత పేర్లూ చిరునామాలూ సేకరింపజేశాడు. ఇంటింటి గడపా ఎరిగినవాడు పోస్టుమన్. పుస్తకానికి నిలిచిన పేరు మాత్రం కెల్లీది. తర్వాతి కాలపు డైరెక్టరీ వ్యాపారం మొత్తానికీ ఇదే నమూనా అనిపిస్తుంది నాకు.

టెలిఫోను వచ్చాక జాబితా స్వభావమే మారింది. 1878 ఫిబ్రవరి 21న అమెరికాలోని న్యూహేవెన్‌లో వెలువడిన మొదటి డైరెక్టరీ ఒకే ఒక్క కాగితం. అందులో యాభై మంది చందాదారులు, నంబర్లు కూడా లేవు. ఇక్కడ ఎవరూ వీధులు తిరగనక్కరలేదు. కనెక్షను కావాలన్నవాడు తన పేరూ ఊరూ తానే వచ్చి చెబుతాడు. కంపెనీకి జాబితా వ్యాపారంలో పుట్టిన ఉప ఉత్పత్తి. అయినా కోర్టులు చాలాకాలం ‘చెమటోడ్చినవాడిదే హక్కు’ అనే సూత్రాన్నే దానికీ వర్తింపజేశాయి. వినడానికి శ్రామిక పక్షపు మాటలా ఉంటుంది గాని, ఆ చెమట ఎవరిదో ఏ కోర్టూ విచారించలేదు.

ఆ సూత్రం అమెరికాలో 1991 మార్చి 27న కూలిపోయింది. కాన్సాస్ రాష్ట్రంలో రూరల్ అనే చిన్న టెలిఫోను కంపెనీకి తన ప్రాంతంలో గుత్తాధిపత్యం ఉంది. ఏటా డైరెక్టరీ వేయాలన్నది ప్రభుత్వ నిబంధన. ఫీస్ట్ అనే ప్రచురణ సంస్థ పదకొండు టెలిఫోను ప్రాంతాలకు కలిపి ఒకే డైరెక్టరీ వేయబూనుకుంది. పది కంపెనీలు తమ జాబితాలు ఇచ్చాయి, రూరల్ ఇవ్వలేదు. పసుపు పేజీల ప్రకటనల డబ్బు దగ్గర ఇద్దరికీ పోటీ ఉంది మరి. ఫీస్ట్ అనుమతి లేకుండానే తీసుకుంది. చాలా పేర్లను మనుషులను పెట్టి సరిచూసుకుంది. అయినా 1,309 పేర్లు రూరల్ పుస్తకంలో ఉన్నట్టే దిగిపోయాయి. దొంగను పట్టుకోవడానికి రూరల్ చొప్పించిన నాలుగు బూటకపు పేర్లు కూడా వాటిలో ఉన్నాయి! ఆ పుస్తకంలో ఎవరైనా ‘సృష్టించినది’ ఏదైనా ఉంటే అది ఆ నాలుగు పేర్లే.

సుప్రీంకోర్టు తీర్పు రాసిన న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్. యథార్థాలు ఎవరి సొత్తూ కావనీ, వాటిని ఏరి కూర్చడంలో కాస్తయినా సృజన ఉంటేనే ఆ కూర్పుకు హక్కనీ, అకారాది క్రమంలో పేర్చడంలో అది లేదనీ ఆమె తేల్చారు. గుత్త కంపెనీ ఓడింది, మంచిదే. కాని ఏళ్ల తరబడి వివరాలు కూడబెట్టే చిన్న ప్రచురణకర్తకు కూడా ఈ తీర్పుతో కంచె లేకుండా పోయింది.

ఐరోపా ఎదురుదారి పట్టింది. 1996 మార్చిలో చేసిన శాసనంతో డేటాబేసు యజమానికి పదిహేనేళ్ల ప్రత్యేక హక్కు ఇచ్చింది. అయితే శ్రమకు కాదు, ‘గణనీయమైన పెట్టుబడి’కి. ఆ మాట శాసనంలోనే ఉంది, నేను కల్పించినది కాదు. దాంతో డేటాబేసులు ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయన్నారు. 2005లో ఐరోపా కమిషనే లెక్క చూసుకుంటే, ఒక అంతర్జాతీయ సూచికలో 1998లో 3,092గా ఉన్న ఐరోపా డేటాబేసులు 2004లో 3,095 అయ్యాయి. అంటే పెరిగినవి మూడు. అంతకుముందే, 2004 నవంబరులో, గుర్రప్పందాల జాబితాల కేసులో ఐరోపా న్యాయస్థానం ఆ హక్కును కుదించింది. ఉన్న వివరాలను సేకరించడానికి పెట్టిన ఖర్చే లెక్కకు వస్తుంది గాని, వివరాలను పుట్టించడానికి పెట్టినది రాదంది.

మన దేశంలో ఈ ప్రశ్న 2007 డిసెంబరు 12న తేలింది. సుప్రీంకోర్టు తీర్పులను సరిదిద్ది అచ్చువేసే ఈస్టర్న్ బుక్ కంపెనీ, ఆ పాఠాన్ని సీడీలలోకి ఎక్కించినవారిపై వేసిన దావా అది. తీర్పులు ప్రజలవి, వాటిపై ఎవరికీ హక్కు లేదు. మరి సంపాదకులు చేసిన పనికో? చెమట ఒక్కటే చాలదు, నైపుణ్యమూ వివేచనా కనబడాలి అంది న్యాయస్థానం. తీర్పును పేరాలుగా విడదీసి అంకెలు వేయడానికీ, ఏ న్యాయమూర్తి ఏకీభవించాడో ఎవరు విభేదించారో సూచించడానికీ రక్షణ దక్కింది. అచ్చుతప్పులు దిద్దడం, ఉదహరించిన కేసుల వివరాలు వెతికి పూరించడం మాత్రం ఆ గీత దాటలేదు. ప్రూఫులు దిద్ది కళ్లు పోగొట్టుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్ల పని ఆ కొలతలో ఎక్కడ పడుతుందో వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.