తెలుగునాట ఒక దశాబ్ది: 1951–1960

దశాబ్దమను కాలపరిమాణము గణనసౌకర్యార్థము ఏర్పడినదే కాని, జనస్మృతి దానిని యథాతథముగా అంగీకరింపదు. గతించిన దశాబ్ది మన మనస్సులలో పది సంవత్సరముల వరుసగా గాక, నాలుగైదు వార్తలుగను, రెండు మూడు చలనచిత్రములుగను, ఒకానొక మహనీయుని మరణముగను నిలిచియుండును. ఏ వార్త నిలుచును, ఏది జారిపోవును అను ప్రశ్నకు ఆ వార్త యొక్క ప్రాముఖ్యమొక్కటియే సమాధానము కాదు. అది ఎంతమంది చెవులకు ఏకకాలమున సోకినదనునదియు విచార్యమే. ఈ దృష్టితో 1951 నుండి 1960 వరకు తెలుగునాట జరిగిన సంగతులను పరామర్శించినచో ఒక విశేషము గోచరించును: తెలుగువారు ఒక్క రాష్ట్రముగా ఏర్పడినది 1956లోనే యైనను, ఒకే వార్తకు కలతజెంది ఒకే చిత్రమునకు ముగ్ధులగు సమాజముగా వారు రూపొందుట అంతకు పూర్వమే ఆరంభమైనది.

దశాబ్ది ఆరంభమున తెలుగువారు ప్రధానముగా మదరాసు, హైదరాబాదు అను రెండు రాష్ట్రముల క్రింద వేర్వేరు చరిత్రలను అనుభవించుచుండిరి. హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమై మూడేండ్లయినను నిండకముందే, నల్లగొండ జిల్లా పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే సమక్షమున వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరముల భూమిని దానము చేయగా, భూదానోద్యమము పుట్టెను. ఆ యేడే అక్టోబరు మాసమున కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటమును విరమించిరి. ఒకే నేలపై, ఒకే భూసమస్యకు, ఒకే వత్సరమున రెండు భిన్నమార్గములు ఎదురుపడుట చరిత్రలో అరుదు. పిమ్మట జరిగిన ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి, నెహ్రూకు లభించిన వానికన్న అధికమైన ఓట్లతో లోకసభకు ఎన్నికయ్యెను. హైదరాబాదు ముఖ్యమంత్రి పదవిని బూర్గుల రామకృష్ణారావు స్వీకరించిన కొలది మాసములకే, 1952 సెప్టెంబరులో, స్థానికేతరులకు ఉద్యోగములిచ్చుటను నిరసించుచు ముల్కీ ఉద్యమము చెలరేగి, నగరమున పోలీసు కాల్పులకు దారితీసెను.

ఆ కాల్పుల సంచలనము అణగక మునుపే మదరాసు నగరమున వేరొక వార్త ప్రారంభమయ్యెను. 1952 అక్టోబరు 19వ తేదీన బులుసు సాంబమూర్తి గృహమున పొట్టి శ్రీరాములు ఆంధ్రరాష్ట్ర సాధనకై నిరశనవ్రతము పూనెను. ఆరంభమున పెద్దలనేకులు దానినంతగా పట్టించుకొనలేదు. దినదినము క్షీణించుచున్న ఆ శరీరపు స్థితిని పత్రికలు ప్రకటించుకొలదియు, ఒక వ్యక్తి పట్టుదల సమస్త జనుల ఉద్వేగముగా పరిణమించెను. ఏబది యెనిమిది దినముల అనంతరము డిసెంబరు 15వ తేదీ రాత్రి ఆయన అసువులు బాసినంతనే కోస్తా జిల్లాలు అల్లకల్లోలమైనవి, రైళ్లు నిలిచిపోయినవి, పలుతావుల కాల్పులు జరిగినవి. నాలుగు దినములకే, డిసెంబరు 19వ తేదీన, నెహ్రూ ఆంధ్రరాష్ట్రమును ఏర్పరచుటకు సమ్మతిని ప్రకటింపవలసివచ్చెను. 1953 అక్టోబరు 1వ తేదీన టంగుటూరి ప్రకాశము ముఖ్యమంత్రిగా, కర్నూలు రాజధానిగా నూతన రాష్ట్రము వెలసినది. కార్యాలయములకు భవనములు చాలక గుడారములలో పరిపాలన సాగినది. హైకోర్టు గుంటూరునకు లభించినది. ఏడాది గడచిన పిమ్మట, మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాసతీర్మానమున ఒక్క ఓటు తేడాతో ప్రకాశము మంత్రివర్గము పతనమయ్యెను.

రాష్ట్రము చేకూరెను గాని మదరాసు నగరము చేకూరలేదు. విచిత్రమేమనగా, పరాయిదైన ఆ నగరమే మరికొన్ని సంవత్సరముల పాటు తెలుగువారి వార్తలకు, వినోదములకు కేంద్రముగా వెలసియుండెను. ‘ఆంధ్రపత్రిక’, ‘ఆంధ్రప్రభ’ అచటనే అచ్చగుచుండెను, బాలురను అలరించు ‘చందమామ’యు అచటిదే, వాహినీ స్టూడియోయు అచటనే కలదు. విజయవాడ నుండి 1952లో ‘విశాలాంధ్ర’ దినపత్రికగా వెలువడుటయు, 1959లో ‘ఆంధ్రప్రభ’ అచటికి తరలుటయు, 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వమున ‘ఆంధ్రజ్యోతి’ జన్మించుటయు వరుసగా గమనించినచో, తెలుగు పత్రికారంగము తన భూమికి తాను మరలివచ్చిన చరిత్ర ఈ దశాబ్దిదేనని విశదమగును.

అక్షరము రానివారికి సయితము వార్తను అందించినది రేడియో. 1948 డిసెంబరున వెలసిన విజయవాడ ఆకాశవాణి కేంద్రమునకు తోడు, నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ నుండి ఆకాశవాణిలో అంతర్భాగమయ్యెను. పంచాయతీ ఆవరణలోని రేడియో చుట్టును సాయంసమయమున మూగిన గ్రామస్థులు ధరవరలను, వార్తలను, నాటకములను విని, వానిపై తర్కించుకొనుచు ఇండ్లకు మరలుచుండిరి. చలనచిత్రగీతముల యెడ ప్రభుత్వము విముఖత వహించినపుడు శ్రోతలు సిలోను కేంద్రమునకు ముల్లు త్రిప్పిరి. తుదకు 1957 అక్టోబరున వివిధభారతి ఆరంభమై ఆ అభిరుచికి అధికారికముగ చోటు లభించెను.

రాజకీయములకు అలవిగాని ఐక్యము చలనచిత్రములకు సుకరమైనది. 1951లో ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’, 1953లో ‘దేవదాసు’, 1955లో ‘మిస్సమ్మ’ వెలువడినవి. 1954 నాటి ‘పెద్దమనుషులు’ ఉత్తమ తెలుగు చిత్రముగా రాష్ట్రపతి రజతపతకము నందినది. 1957 మార్చి 27వ తేదీన విడుదలయైన ‘మాయాబజార్’లో కె.వి. రెడ్డి దర్శకత్వమును, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణమును, ఘటోత్కచునిగా ఎస్.వి. రంగారావు అభినయమును సంగమించి, పురాణగాథను తెలుగింటి పెండ్లి సందడిగా మార్చినవి. బెజవాడ ప్రేక్షకుడును, వరంగల్లు ప్రేక్షకుడును ఒకే సన్నివేశమునకు ఒకే రీతిని నవ్వుచున్నపుడు వారి నడుమ ఎల్లలు ఏ శాసనము వలనను గాక సహజముగనే సడలుచుండెను.

సాహిత్యమునను ఈ పరస్పరావలోకనము కానవచ్చును. శ్రీశ్రీ ‘మహాప్రస్థానము’ 1950లో గ్రంథరూపమున వెలువడి, దశాబ్ది పొడవునను యువకుల కంఠములలో మారుమ్రోగెను. పాలగుమ్మి పద్మరాజు కథ ‘గాలివాన’ 1952 నాటి అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి నార్జించి, తెలుగు కథకు ఖండాంతరఖ్యాతి సంపాదించెను. తుంగభద్రకు ఇవతల హైదరాబాదు రాష్ట్రమున, నదికి ఆవలనున్న కర్నూలునకు చేరువగనున్న అలంపురమున 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు గడియారం రామకృష్ణశర్మ కృషితో జరిగి, ఇరుప్రాంతముల కవిపండితులను ఒక వేదికపై చేర్చినవి. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తొలి తెలుగు పురస్కారమును సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు ఒసగెను, గోలకొండ పత్రికను నడిపి తెలంగాణమున తెలుగు వెలుగు నిలిపిన ఆ మనీషి అప్పటికే దివంగతుడై రెండేండ్లయ్యెను.

ఫజలాలీ అధ్యక్షతన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము 1955 సెప్టెంబరున సమర్పించిన నివేదిక, హైదరాబాదు రాష్ట్రమును కొంతకాలము వేరుగనే యుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట అచటి శాసనసభ మూడింట రెండువంతుల మెజారిటీతో సమ్మతించినచో విలీనము చేయుట మేలని సూచించెను. ఐనను రాజకీయశక్తులు అంతవరకు వేచియుండలేదు. 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో ఇరుప్రాంతముల నాయకులు నలువురేసి కూర్చుండి, మంత్రిపదవులను, ప్రాంతీయ సంఘమును, ఉద్యోగ రక్షణలను, మిగులు ఆదాయ వినియోగమును గూర్చి పెద్దమనుషుల ఒప్పందమును కుదుర్చుకొనిరి. నవంబరు 1వ తేదీన నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రిగా ఆంధ్రప్రదేశ్ అవతరించెను. అదే యేడు సెప్టెంబరున మహబూబ్‌నగర్ చెంత వంతెన కూలి వందకు పైగా ప్రయాణికులు మరణించిన రైలు ప్రమాదము కూడ ప్రజలను కలచివైచినది. అవతరణోత్సవపు సందడి ఆ దుర్ఘటనను స్మృతిపథమున వెనుకకు నెట్టివేసినదనుట నిష్ఠురమైన సత్యము.

నిర్మాణకార్యములును ఈ దశాబ్దికి వన్నె దెచ్చినవి. 1952లో తెగిన కృష్ణ ఆనకట్టకు బదులు విజయవాడ చెంత నూతన బ్యారేజి 1957లో పూర్తియైనది. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండయొద్ద నాగార్జునసాగరమునకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. రానున్న జలాశయమున మునుగనున్న నాగార్జునకొండ లోయలో పురాతత్త్వజ్ఞులు 1954 మొదలు దశాబ్ది చివరివరకు త్రవ్వకములు సాగించి, ఇక్ష్వాకుల నాటి విహారములను, స్తూపములను వెలికిదీసిరి. పంటకై లోయను ముంచుటయు, ముంచుటకు ముందే దాని చరిత్రను శ్రద్ధతో లిఖించుకొనుటయు నిట ఒకే తరము చేసినది. అట్లే కూచిపూడి నృత్యమునకు శాస్త్రీయప్రతిపత్తి కలదా అను వివాదము 1958లో ఢిల్లీలో తలయెత్తగా, 1959లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ జరిపిన గోష్ఠిలో దానికి పండితులు సమాధానమొసగిరి. నూతన రాష్ట్రము పుట్టియుండనిచో, ఆ వాదమునకు వేదికయే దుర్లభమై యుండెడిది.

ఒకే వార్త వినుటవలన సమైక్యత సిద్ధించుననుకొనుట మాత్రము పొరపాటు. ‘మాయాబజార్’ అందరికి ఒకటే. 1952 నాటి ముల్కీ కాల్పులును, 1956 నాటి ఒప్పందమును అందరికి ఒకటి కావు. అందలి నిబంధనలు అమలుగాలేదను ఆవేదన 1969లో ఉద్యమమై, తుదకు 2014 జూన్ 2వ తేదీ నాటి విభజన వరకు సాగెను. ఉమ్మడి కర్ణములు, ఉమ్మడి నేత్రములు ఒక సమాజమునకు భాషను, నవ్వును, పాటను ఈయగలవు. న్యాయమును ఈయజాలవు, దానిని పరిపాలన వలననే సాధింపవలయును. ఈ రెండింటిని వేర్వేరుగా గ్రహించినవాడే ఆ దశాబ్దిని సరిగా స్మరించినవాడు. అవతరణోత్సవములను మాత్రమే జ్ఞాపకముంచుకొన్నవాడును, మోసమును మాత్రమే జ్ఞాపకముంచుకొన్నవాడును దానిలో సగమునే స్మరించుచున్నారు. రాష్ట్రములు రెండైన పిదపనైనను, ఆనాటి చిత్రమును, పాటను, కథను ఉభయులును తమవిగనే చెప్పుకొనుచుండుట ఆ మిగిలిన సగమునకు ప్రత్యక్షసాక్ష్యము.