సారా పోరాటం నుంచి పొదుపు పుస్తకం దాకా

ఏటా ఈ నివేదికలో పొదుపు ఎంత, తీసుకున్న అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు రాసుకుంటాం. ఏ పుస్తకంలోనూ ఎక్కని ఖర్చు ఒకటుంది. అది తాగుడు ఖర్చు. మన నూజివీడు పక్క మామిడి కోతలు మూడు నెలలే. చిక్కం పట్టి కాయ కోసేవాళ్లకీ, ఏరి సర్దేవాళ్లకీ, లోడు ఎత్తేవాళ్లకీ ఏడాదిలో చేతిలో డబ్బులాడేది అప్పుడే. ఆ కూలి ఇంటికొస్తే పిల్లల ఫీజు, బియ్యం, సంఘం వాయిదా. దారిలో ఆగిపోతే మళ్లీ అప్పు. ఈ బాధ మనకి కొత్త కాదు, దీనిమీద ఆడవాళ్లు పోరాడటమూ కొత్త కాదు. సంఘాల్లో కొత్తగా చేరిన మన కోడళ్లకీ, కూతుళ్లకీ ఆ చరిత్ర తెలియాలని ఇక్కడ రాస్తున్నాం.

మన ప్రాంతం పాత మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1948 అక్టోబరు 2 నాటికి ఆ రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం విడిపడ్డాక 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ నిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పైనుంచి వచ్చిన ఆ నిషేధం తర్వాత కాలంలో పైనుంచే పోయింది.

1980లలో సారా ప్యాకెట్లలోకి మారింది. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సరఫరా చేసింది. అమ్ముకునే హక్కుకి ఏటా వేలం పాట. పాట పాడిన కాంట్రాక్టరు పెట్టింది రాబట్టుకోవాలిగా? అందుకని ఊరూరికీ, వాడవాడకీ ప్యాకెట్లు చేరాయి. తాగుతున్న ప్రతి ఇంట్లో కూలి డబ్బు కరిగిపోయింది, ఖజానా మాత్రం నిండింది.

అదే సమయంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతోపాటు ఇంటి సంగతులూ మాట్లాడుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లంతా ఒక్కటై ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మగారు ముందు నిలబడ్డారు. ఆ సంగతి కొత్తగా చదువు నేర్చినవాళ్ల వాచకంలో పాఠమైంది. చదివిన ప్రతి ఊళ్లో ఒకటే ప్రశ్న: వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా? 1992లో వాళ్లు ప్యాకెట్లు తగలబెట్టారు, దుకాణాలకి కాపలా కాశారు, వేలం పాటలు జరగనివ్వలేదు. పాట వాయిదా మీద వాయిదా పడింది. పార్టీలూ, మహిళా సంఘాలూ తర్వాత వచ్చి కలిశాయి.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. కానీ పొరుగు రాష్ట్రాల నుంచి సరుకు దిగింది, నాటు సారా కాగింది, ఖజానాకి రాబడి తగ్గింది. 1997లో సంపూర్ణ నిషేధం సడలించారు.

అయితే ఆ పోరాటం వృథా పోలేదు. సారాకి పోయే డబ్బు మిగిలితే దాన్నేం చేయాలి అన్న ఆలోచన నుంచి నెల్లూరులో ‘పొదుపు లక్ష్మి’ పుట్టింది. రోజుకి రూపాయి దాచుకోవడం దాని లెక్క. డ్వాక్రా గ్రూపులు, వెలుగు, ఇప్పటి మన సమాఖ్యలు ఆ దారినే పెరిగాయి. మన చేతిలో పొదుపు పుస్తకం వెనక ఆ తల్లుల కాపలా రాత్రులున్నాయి.

ఇది మన రాష్ట్రం బాధ మాత్రమే కాదు. మద్యం వల్ల 2019లో ప్రపంచంలో 26 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 20 లక్షలమంది మగవాళ్లు. 2010లో ప్రపంచ దేశాలన్నీ మద్యం హాని తగ్గించడానికి ఒక వ్యూహం ఒప్పుకున్నాయి. 2018లో ఆ సంస్థ ఐదు పనులు ముందుకు తెచ్చింది: దొరికే చోట్లూ వేళలూ తగ్గించడం, తాగి బండి నడపకుండా ఆపడం, తాగుడుకి అలవాటుపడ్డవాళ్లకి త్వరగా వైద్యం అందించడం, ప్రకటనలు ఆపడం, పన్నుతో ధర పెంచడం. మొదటి పని నెల్లూరు ఆడవాళ్లు ఏ వ్యూహమూ రాకముందే చేసి చూపించారు.

మూడోదే మన దగ్గర వెనకబడింది. తాగుబోతు అని తిట్టి వదిలేస్తాం, లేదా ఒట్టు వేయించుకుంటాం. తాగుడు ముదిరితే అది జబ్బు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు. ప్రాణం మీదకీ రావచ్చు. అందుకే డాక్టరు చూపులోనే మాన్పించాలి. ఫోన్ చేసి సలహా అడగటానికి 14446 నంబరు ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు.

దుకాణాలు ఎవరు నడపాలన్నది మారుతూనే ఉంది. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడిపింది, 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటువాళ్లు నడుపుతున్నారు. విధానం ఎటు మారినా ఊళ్లో బెల్టు షాపు ఉందా లేదా అన్నది మన కళ్లముందే ఉంటుంది. అక్కచెల్లెళ్లారా, ఈ ఏడు కోతలు మొదలవకముందే ప్రతి గ్రామ సంఘం సమావేశంలో మూడు విషయాలు మాట్లాడి, మినిట్స్ పుస్తకంలో రాయండి: మన ఊళ్లో బెల్టు అమ్మకం ఎక్కడ జరుగుతోంది, వైద్యం కావాల్సిన ఇళ్లు ఏవి (పేర్లు బయటికి పొక్కనీయకండి), కోత కూలి నేరుగా ఇంటికి చేరేలా తోట కాంట్రాక్టరుతో ఎవరు మాట్లాడతారు. ఆ రాసిన వాటిమీద ఏం జరిగిందో వచ్చే నివేదికలో పొదుపు లెక్కల పక్కనే వేద్దాం.