‘కల్కి’ కంటే పాతదైన తగవు

2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడి’ విడుదలైనప్పుడు మా రాయవరం వైపు జనం బొమ్మ బాగుందా లేదా అన్నది ఒక్క వారంలో తేల్చేశారు. తేలనిది వేరే సంగతి. చివరలో ప్రభాస్ పాత్ర భైరవుడు పూర్వజన్మలో కర్ణుడని తెలుస్తుంది కదా, అక్కడ మొదలైంది వాదం. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా? కర్ణుణ్ణి అంత ఎత్తున నిలబెట్టే హక్కు దర్శకుడు నాగ్ అశ్విన్‌కు ఎవరిచ్చారు? ఇంటర్నెట్‌లోనూ ఇదే రభస.

ఇది ఈ కాలపు కుర్రకారు వెర్రి అని పెద్దలు కొందరు కొట్టిపారేశారు. నాకలా తోచలేదు. తెలుగువాడికి అంతరిక్ష నౌకలున్న కథ కొత్త కావచ్చు గానీ, ఎంతో ఇష్టమైన కథకు కొత్త భాగం రావడమూ, దానిని తూకం వేయడమూ కొత్త కాదు. ఆ సినిమా పేరులోని లెక్కే చూడండి. కలియుగం మొదలైందని చెప్పే క్రీ.పూ. 3102 నుంచి ఆరువేల ఏళ్లు లెక్కిస్తే 2898 వస్తుంది. అంటే అది తనను తాను భారతానికి తరువాయి భాగంగానే చెప్పుకున్నది.

భారతానికి తరువాయి రాయడమనే పని మనకు ఎక్కడ మొదలైందని వెతికితే మా ఊరికి ఎంతో దూరం పోనక్కరలేదు. పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ మొదలుపెట్టాడు. అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. పదమూడవ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. నడుమ మిగిలిన ఖాళీని పద్నాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. తన ప్రభువు ప్రోలయవేమారెడ్డి అయినా, ఆ భాగాన్ని మాత్రం ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. నన్నయ శైలితో మొదలుపెట్టి మెల్లగా తిక్కన శైలిలోకి జారాడని పండితులు మెచ్చుకుంటారు. తరువాయి రాసేవాడు ముందువాడి సొత్తును ఎట్లా చూసుకోవాలో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఇక వినేవాళ్ల సంగతి. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆచారం మన పల్లెలలో ఉండేది. ఆ తరువాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు వచ్చాయి. జంటలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పుట్టిన కడియం మాకు దగ్గరే. ఆ నాటకాలలోని పద్యాలు అక్షరం రాని వాళ్లకు కూడా నోటికి వచ్చేవి. రాగం నచ్చితే ‘వన్స్ మోర్’, పద్యం తప్పితే ఈల. కథ తమదేనన్న ధీమా లేనిదే అంత చనువు రాదు.

మరి మనవాళ్లు మార్పును ఒప్పుకోరా అంటే, భేషుగ్గా ఒప్పుకుంటారు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ను తీసుకోండి. అందులోని శశిరేఖ వ్యాసభారతంలో లేనే లేదు. పైగా పాండవుల కథలో పాండవులే తెర మీద కనిపించరు. అయినా మూలంలో లేదు కదా అని ఎవరూ దానిని పక్కన పెట్టలేదు. కె.వి.రెడ్డి ఉన్నవాళ్లకు చోటు తగ్గించకుండా, కథలోని ఖాళీ జాగాలో ఇల్లు కట్టాడు. ఆ సినిమాకు సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావే 1991లో ‘ఆదిత్య 369’తో మనకు కాలయంత్రాన్ని చూపించారు; ‘కల్కి’ రచనకు మార్గదర్శిగా నిలిచిందీ ఆయనే.

1977 సంక్రాంతికి ఈ తూకం మరీ స్పష్టంగా కనబడింది. రామారావు ‘దాన వీర శూర కర్ణ’, కృష్ణ అర్జునుడిగా చేసిన ‘కురుక్షేత్రం’ ఒకే రోజున, జనవరి 14న వచ్చాయి. జనం మొదటిదానికి పట్టం కట్టారు. అది దాదాపు నాలుగు గంటలసేపు కర్ణ దుర్యోధనుల పక్షాన మాట్లాడే చిత్రం. అయినా చెల్లింది. ఎందుకంటే అందులో కర్ణుడిని పెంచినది అతని దానం, స్నేహం, పుట్టుక వల్ల పడిన అవమానం. అన్నట్టు ‘కురుక్షేత్రం’లో కర్ణుడు కృష్ణంరాజు; ప్రభాస్‌కు పెదనాన్న!

సరిగ్గా ఆ ఏడాది మే 25న అమెరికాలో ‘స్టార్ వార్స్’ మొదటి సినిమా వచ్చింది. 1997లో జార్జ్ లూకస్ దానిని మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేస్తూ, హాన్ సోలో ముందుగా కాల్చిన సన్నివేశంలో ఎదుటివాడే ముందు కాల్చినట్టు మార్చాడు. కొత్తగా చేర్చిన బొమ్మలను సహించినవాళ్లు కూడా ఆ ఒక్క మార్పును సహించలేదు. 2017లో వచ్చిన ‘ది లాస్ట్ జెడై’లో ల్యూక్ అన్నీ వదిలి ఏకాంతంగా బతుకుతుంటే, మా వీరుణ్ణి చిన్నబుచ్చారని ఎందరో మండిపడ్డారు. దేశం వేరైనా బాధ ఒకటే.

నాకు బోధపడిన సూత్రమిది: అభిమాని చేర్పును ఒప్పుకుంటాడు, ఒకరిని పెంచడాన్నీ ఒప్పుకుంటాడు, ఒకరిని పెంచడానికి ఇంకొకరిని తగ్గించారని అనిపించినప్పుడే తగవుకు దిగుతాడు. సౌప్తికపర్వంలో అశ్వత్థామకు పడిన శాపం మూడువేల ఏళ్లే అయినా, ఆరువేల ఏళ్ల తరువాత అమితాబ్ బచ్చన్ నిలబడితే మా వైపు ఎవరూ లెక్క అడగలేదు. కాశీనీ, కాంప్లెక్సునీ, మాట్లాడే బుజ్జి బండినీ ముచ్చటగా చూశారు. కర్ణార్జునుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం గ్రంథాలు బయటికి తీశారు. ఘోషయాత్రలో గంధర్వుల ముందు కర్ణుడు నిలవలేకపోవడం ఎఱ్ఱన భాగంలో ఉంది. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడి చేతిలో ఓడడం తిక్కన విరాటపర్వంలో ఉంది. వానల కోసం చదివించుకున్న పర్వాన్ని సినిమా కోసం మరవమంటే ఎట్లా?

అలాగని కర్ణుడిమీద ప్రేమను తప్పు పట్టను. ఓడినవాడిని ప్రేమించడం మంచి గుణమే. ఓడాడని ఒప్పుకుంటూ ప్రేమించడంలో ఇంకా ఎక్కువ మర్యాద ఉంది. ఆ ఓటమిని చెరిపేస్తే, అన్నీ తెలిసి దుర్యోధనుని విడువని కర్ణుని గొప్పతనమే పలచబడిపోతుంది.

రెండవ భాగంలో దీపికా పదుకొణె ఉండరని 2025 సెప్టెంబరులో నిర్మాతలు ప్రకటించగానే, సుమతి పాత్ర ఏమవుతుందని మళ్లీ చర్చ లేచింది. నాకు ఆ బెంగ కంటే కర్ణుని బెంగే ఎక్కువ. తరువాయి రాసేవారు ఒక్కసారి ఎఱ్ఱనను తలచుకుంటే చాలు. మీ ఊళ్లలో ఈ తగవు ఏ పక్షాన తేలిందో, ఏ పద్యం సాక్ష్యానికి వచ్చిందో తెలుపగలరు.