సముద్రము దాటిన పేర్లు

సొంత ఊరు విడిచి పరదేశమునకు పోయిన కుటుంబము తనతో ఏమి తీసికొనిపోగలదు? పొలమును మోసికొని పోలేదు. ఇంటిని మోసికొని పోలేదు. పెద్దల సమాధులు ఉన్నచోటనే ఉండిపోవును. భాష ఒక తరము నిలుచును, రెండవ తరములో తడబడును, మూడవ తరములో అనేకసార్లు మరుగైపోవును. అయితే పేరు మిగులును. తాత పేరు, అవ్వ పేరు, మనము ఏ ఊరివారము, ఎవరి బిడ్డలము అను మాట, ఇవి ఎంత చిన్న మూటలోనైనను పట్టును. ఐర్లండు దేశమునుండి ఇంగ్లండు, స్కాట్లండు దేశములకు వలసపోయిన బీదజనుల చరిత్ర ఈ సంగతిని తేటగా చూపుచున్నది. ఆ పేర్లను ఎవరు కాపాడిరి, ఎవరు దాచివేసిరి అన్నదే నేడు మనము ఆలోచింపవలసిన సంగతి.

ఐర్లండు ఇంగ్లండునకు పడమట నున్న ద్వీపము. డబ్లిన్ రేవునుండి లివర్‌పూల్ రేవునకు ఆవిరి ఓడమీద ఒక రాత్రి ప్రయాణము. 1801 మొదలు ఆ రెండు దేశములు ఒకే పార్లమెంటు క్రింద ఉండెను. ఐర్లండు కూలివారు కోతల కాలమున సముద్రము దాటి వచ్చి, ఇంగ్లండు పొలములలో పనిచేసి, ఆ కూలిడబ్బుతో తిరిగి వెళ్లి కౌలు చెల్లించెడివారు. కాలువలు త్రవ్వుటకును రైలుదారులు వేయుటకును వచ్చినవారు అనేకులు. వారి స్వదేశములో నేల భూస్వాములది, దున్నువాడు కౌలుదారుడు. చిన్న చెక్క నేలలో కుటుంబమంతటికిని కడుపు నింపగల పంట బంగాళదుంప ఒక్కటే గనుక బీదలు దానినే నమ్ముకొని యుండిరి.

1845లో ఆ దుంపకు తెగులు పట్టెను. ఆకులు నల్లబడెను, నేలలోని దుంపలు కుళ్లిపోయెను. మరుసటి యేడు పంట దాదాపు పూర్తిగా పోయెను. 1852 వరకు ఆ కరవు విడువలేదు. సుమారు 10 లక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను మరణించిరి. 10 లక్షలకు పైగా దేశము విడిచిరి. 1841 లెక్కలో 81 లక్షలకు పైగా నున్న జనము 1851 నాటికి 65 లక్షలకు దిగెను. దేశములో తిండి బొత్తిగా లేక కాదు. ధాన్యమును పశువులును రేవులనుండి ఎగుమతి అగుచునే యుండెను. కొనుటకు బీదవాని చేతిలో డబ్బు లేదు. కౌలు కట్టలేనివారిని బయటికి వెళ్లగొట్టి, వారు తిరిగి రాకుండునట్లు ఇంటికప్పులు పడగొట్టిరి.

1847 ఒక్క సంవత్సరములోనే సుమారు 3 లక్షలమంది ఐర్లండువారు లివర్‌పూల్‌లో దిగిరి. ఆ పట్టణపు సొంత జనమే అప్పటికి 4 లక్షలకు లోపు. వచ్చినవారిలో శక్తిగలవారు అమెరికా ఓడలెక్కిరి. శక్తిలేనివారు చీకటి నేలమాళిగలలో ఒకరిమీద నొకరు పడి నివసించిరి. వారి మధ్య టైఫస్ జ్వరము పుట్టెను. ఆ యేడు రోగుల ప్రక్క కూర్చుండి, వారి చివరి మాటలు విని, ఆ జ్వరమే తగిలి పదిమంది కతోలిక గురువులు లివర్‌పూల్‌లో మరణించిరి. సెయింట్ పాట్రిక్ దేవాలయము ముందర వారి జ్ఞాపకార్థముగా రాతి సిలువ నిలిచియున్నది. 1851 లెక్క ప్రకారము ఆ పట్టణమున ఐర్లండులో పుట్టినవారు 83,813 మంది, అనగా అయిదుగురిలో ఒకరికంటె ఎక్కువ.

అంకెలు విని మనము మరచిపోవుదుము. ఒక తల్లిని చూడుడి. మేయో జిల్లాలోని స్ట్రేడ్ అను గ్రామమున డేవిట్ అను కుటుంబముండెను. 1850లో వారిని ఇంటినుండి వెళ్లగొట్టిరి. దిక్కులేక వారు బీదల ఆశ్రయశాలకు పోయిరి. మూడేండ్లు దాటిన మగబిడ్డలు తల్లితో ఉండకూడదని అక్కడి నియమము. ఆ మాట విన్నంతనే కేథరిన్ డేవిట్ తన బిడ్డలను తీసికొని బయటికి వచ్చెను. ఆకలి సహింతును గాని నా బిడ్డలను విడువను అన్నదే ఆమె తీర్మానము. వారు లివర్‌పూల్‌కు ఓడలో వచ్చి, అక్కడనుండి 48 మైళ్లు నడిచి, లాంకషైరులోని హాస్లింగ్‌డెన్ అను మిల్లుల ఊరు చేరిరి.

ఆమె కుమారుడు మైకేల్ చిన్నతనముననే నూలుమిల్లులో పనికి కుదిరెను. 1857లో, పదకొండేండ్ల వయస్సున, యంత్రములో పడి అతని కుడిచేయి పోయెను. అప్పుడు ఒక మిల్లు యజమాని సహాయముచేత అతడు వెస్లియన్ పాఠశాలలో చదువుకొనెను. కతోలిక కుటుంబపు బిడ్డకు మెథడిస్టులు చదువు చెప్పిరి. ఈ సంగతిని మనము గమనింపవలెను. ఆ ఒంటిచేతి బాలుడే పెద్దవాడై, కొరడాకు లోబడక, చెరసాలలు చూచి, 1879లో ఐర్లండు భూమి సంఘమును స్థాపించినవారిలో ముఖ్యుడాయెను. కౌలుదారునకు నేలమీద హక్కు కలిగించిన ఉద్యమము అది. 1906లో అతడు మరణించినప్పుడు స్ట్రేడ్‌లోనే పాతిపెట్టిరి. ఇంగ్లండు మిల్లులో పెరిగినను తాను ఏ ఊరివాడో అతడు మరువలేదు. మరువకుండునట్లు ఇంటిలో చెప్పినవారుండిరి.

ఐర్లండు కుటుంబములలో ఒక పాత ఆచారము గలదు. మొదటి కుమారునికి తండ్రి తండ్రి పేరును, రెండవ కుమారునికి తల్లి తండ్రి పేరును, పెద్ద కుమార్తెకు తల్లి తల్లి పేరును పెట్టుదురు. తాత పేరు మనుమనికి పెట్టుకొను మనకు ఇది వింతగా తోచదు. అయితే పరదేశములో ఆ పేర్లకు కష్టము వచ్చెను. చదువురాని కూలివాడు తన పేరు నోట చెప్పును, ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసికొనును. ఇంటిపేర్ల ముందరి ఓ, మాక్ అను మాటలు ఐర్లండులోనే అనేకులకు జారిపోయి యుండెను. ఇక్కడ మిగిలిన అక్షరములును మారెను. ఒకే తల్లి బిడ్డలు రెండు విధములైన ఇంటిపేర్లతో మరణించిన సందర్భములును గలవు.

ఇట్టి స్థితిలో వారికి ఊరుగా నిలిచినది దేవాలయము. బాప్తిస్మపు పుస్తకములో బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టినింటి పేరు, జ్ఞాన తలిదండ్రుల పేర్లు వ్రాసికొనిరి. కూలివారు పైసా పైసా కూర్చి బడులు కట్టిరి. 1887లో గ్లాస్గో పట్టణమున సెయింట్ మేరీ దేవాలయపు హాలులో బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అను ఐర్లండు సహోదరుడును మరికొందరును కూడి సెల్టిక్ అను ఫుట్‌బాల్ జట్టును స్థాపించిరి. బీదపిల్లలకు అన్నము పెట్టుటకు డబ్బు కూర్చవలెనన్నదే దాని మొదటి ఉద్దేశము.

1922లో ఐర్లండులో ఎక్కువ భాగము స్వపరిపాలన పొందెను గాని వలస ఆగలేదు. 1951 మొదలు 1961 వరకు సుమారు 4 లక్షలమంది ఆ దేశమును విడిచిరి. వారిలో ఎక్కువమంది బ్రిటనుకే పోయిరి. మగవారు రోడ్లు, సొరంగములు, కట్టడములలో పనిచేసిరి. 1948లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్యశాలలలో వేలకొలది ఐర్లండు యువతులు నర్సులైరి. వారపు కూలిలో కొంత కవరులో పెట్టి తల్లికి పంపనివారు అరుదు. వారి బిడ్డల పాటు వేరు. ఇంగ్లండు బడిలో వారిని ఐరిష్ అని ఎగతాళి చేసిరి, వేసవిలో తాతగారి ఊరికి పోయినప్పుడు అక్కడి పిల్లలు ఇంగ్లీషువారని నవ్విరి.

1974 నవంబరు 21న బర్మింగ్‌హామ్‌లో రెండు మద్యశాలలలో బాంబులు ప్రేలి 21 మంది చనిపోయిరి. కొందరి పాపము ఒక జనమంతటి మీద మోపబడెను. ఆ దినములలో అనేకులు తమ యాస ఇతరులకు వినబడకుండునట్లు బస్సులో, అంగడిలో గొంతు తగ్గించి మాట్లాడిరి. నేరము చేయని ఆరుగురు పదునారు సంవత్సరములు చెరలో నుండి 1991లో విడుదలైరి. ఆ పట్టణమున నిలిచిపోయిన సెయింట్ పాట్రిక్ దినపు ఊరేగింపు 1996లో గాని మరల జరుగలేదు. గొంతు తగ్గించిన ఇంట బిడ్డలకు కథలు ఎవరు చెప్పుదురు? అనేకుల ఇంటి చరిత్ర ఆ మౌనములో తెగిపోయెను.

ఇప్పుడు వారి మనుమలు వెదకుచున్నారు. వెదకువారికి ఎదురగు మొదటి గోడ ఒక అగ్ని. 1922 జూన్ 30న, అంతర్యుద్ధములో, డబ్లిన్ నగరమందలి ప్రభుత్వ దస్తావేజుల శాల కాలిపోయెను. 1821 మొదలు 1851 వరకు తీసిన జనాభా లెక్కలలో చాలవరకు బూడిదయ్యెను. భద్రముగా నుండునని అక్కడికి పంపిన ప్రొటెస్టెంటు సంఘపు పుస్తకములు అనేకములు కాలెను. అయితే కతోలిక గ్రామ సంఘముల పుస్తకములు ఊళ్లలోనే ఉండుటచేత మిగిలెను. ఏ పల్లె పెట్టెలోనో చెమ్మకు మరకలుపడిన ఆ పుస్తకములే నేడు దిక్కు. 2015లో ఐర్లండు జాతీయ గ్రంథాలయము వాటి పుటల ఛాయాచిత్రములు 3,70,000కు పైగా ఎవరైనను ఉచితముగా చూచునట్లు ఇంటర్నెట్టులో పెట్టెను. రాజు గారి కోట కాపాడలేని దానిని పల్లెటూరి గుడి కాపాడెను.

ఇంతవరకు విని సంఘమును పొగడి ముగింపవచ్చును. అయితే సత్యము మరియొకటి గలదు. వివాహము కాకుండ గర్భవతులైన యువతులను ఐర్లండు సమాజము ఆశ్రమములలో దాచెను. కొందరు ఆ అవమానమునకు వెరచి ఇంగ్లండునకు పారిపోయిరి. బిడ్డలను దత్తత ఇచ్చి, తల్లుల పేర్లు మరుగుపరచిరి. 2021 జనవరిలో వెలువడిన విచారణ నివేదిక అట్టి 18 సంస్థలను పరిశోధించి, సుమారు 9,000 మంది పిల్లలు వాటిలో మరణించిరని తెలిపెను. వాటిలో కతోలికులవే కాదు, ప్రొటెస్టెంటుల ఆశ్రమమును ఉండెను. ప్రధానమంత్రి దేశము పక్షమున క్షమాపణ చెప్పెను. 2022లో వచ్చిన చట్టముచేత దత్తతకు పోయినవారికి తమ జనన వివరములు పొందు హక్కు కలిగెను. ఏ సంఘము పేర్లు వ్రాసి కాపాడెనో, ఆ సంఘమే పేర్లు దాచి గాయపరచెను. కరవులో బిడ్డను విడువని కేథరిన్‌ను గౌరవించువారము, బిడ్డను విడువవలసివచ్చిన ఆ తల్లుల పట్లను బాధ్యులమే.

ఐర్లండు చట్టము ప్రకారము తాత అవ్వలలో ఒకరు ఆ దేశమున పుట్టియున్నయెడల మనుమడు తన పేరు నమోదు చేయించుకొని పౌరుడు కావచ్చును. 2016లో బ్రిటను ఐరోపా కూటమిని విడువ తీర్మానించిన తరువాత బహుమంది ఆ హక్కు కోరిరి. కొందరు ప్రయాణ సౌకర్యమునకే కోరిరి. అయినను దరఖాస్తునకు అవ్వ పుట్టిన ఊరు, ఆమె పుట్టినింటి పేరు కావలసివచ్చెను. పాత కాగితము వెదకబోయి అనేకులు మరచిన మనిషిని కనుగొనిరి. 2021 లెక్కలో ఇంగ్లండు, వేల్సులలో 5 లక్షలకు పైగా జనులు తాము ఐరిష్ వారమని వ్రాయించుకొనిరి.

చెరనుండి తిరిగివచ్చిన ఇశ్రాయేలీయులలో కొందరు వంశావళి పుస్తకములో తమ పేర్లు వెదకి కనుగొనలేకపోయిరని ఎజ్రా గ్రంథము వలన మనకు తెలియును. వారి దుఃఖము ఐర్లండు మనుమలకు తెలియును. మన పల్లెలనుండియు బిడ్డలు హైదరాబాదుకు, గల్ఫు దేశములకు పోవుచున్నారు. కావున చదువరీ, ఈ వారము మీ సంఘపు బాప్తిస్మపు పుస్తకము ఎక్కడ నున్నదో అడిగి చూడుము. దానికి చెద పట్టినదా? తల్లి పేరు వ్రాసియున్నదా? పుట్టిన ఊరు వ్రాసియున్నదా? ఇంట ముసలి అవ్వ ఉన్నయెడల ఆమె పుట్టినింటివారి పేర్లు ఆమె నోటనే విని కాగితముమీద వ్రాయుము. సిగ్గుచేత ఎవరి పేరైనను విడువకుము. మీ ఊరికి కూలికై వచ్చిన పొరుగు రాష్ట్రపువాని పేరును అడిగి, అతడు పలికినట్లుగానే పలుకుము. ఈ పనికి ధనము అక్కరలేదు, ఒక కలమును కొంత ఓపికయు చాలును.